డాక్టరమ్మ, నేను, మూడు హెలికాప్టర్లు

మా హాల్లో సీలింగు ఫ్యాను రెక్క ఒకటి కొంచెం వంకరగా ఉంటుంది. అది నా రెండో హెలికాప్టర్ చేసిన పని. మొదటిది అరచేతిలో ఇమిడే బొమ్మ. తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర గొడుగులూ టార్చిలైట్లూ అమ్మే అంగట్లో కొన్నాను. “ఎవురికమ్మా, పిల్లోడికా?” అని అంగడాయన అడిగాడు. “నాకేనప్పా” అన్నాను. ఆయన నా మొహం ఒకసారి తేరిపార చూసి, రిమోట్‌లో వేసే బ్యాటరీలు ఊరికే ఇచ్చాడు.

నేను తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పగలంతా మైక్రోస్కోపు మీదికి వంగి ఉండే పని. నలభై దాటాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్లో ఏదో చూస్తుంటే, ఎవరో ఒకాయన రిమోట్ హెలికాప్టర్‌ను గాల్లో తలకిందులుగా నిలబెట్టిన వీడియో కంటపడింది. కాళ్లు ఆకాశం వైపు, రెక్కలు నేల వైపు. కింద గడ్డి అలలు అలలుగా ఊగుతోంది. పడిపోవాల్సిన వస్తువు పడకుండా ఎలా నిలబడిందో నాకు అంతుపట్టలేదు. ఆ అంతుపట్టకపోవడమే నన్ను పట్టుకుంది. అలా బొమ్మతో మొదలుపెట్టి, అది చాలక ఇంకొంచెం పెద్దది తెచ్చుకుని, ఫ్యాను రెక్క వంచేదాకా వచ్చాను.

“ఇంగ ఇంట్లో ఎగరేసేది వద్దు. టీవీకి తగిల్తే నేను యాడికి పోవాల?” అన్నాడు మా ఆయన. అన్నాడే గాని ఫ్యాను రెక్క వంక తీస్తూ తీస్తూ, “అయినా అంత పైకి ఎట్లా ఎక్కించినావు?” అని కూడా అడిగాడు. ఆయనకు క్రికెట్ తప్ప వేరే లోకం లేదు. అలాంటి మనిషి అడిగిన ఆ ఒక్క ప్రశ్నకే నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

అప్పటికి నాకు తెలిసింది ఇంతే: బొమ్మ హెలికాప్టర్ రెక్కలు బిగించినవి బిగించినట్టే ఉంటాయి. పైకి పోవాలంటే మోటారును ఇంకా వేగంగా తిప్పాలి, దిగాలంటే వేగం తగ్గించాలి. అసలైన రిమోట్ హెలికాప్టర్‌లో అలా కాదు. రెక్కలు ఒకే వేగంతో తిరుగుతూ ఉంటాయి. మారేది వాటి వాలు. ఒక వైపు వాలితే గాలిని కిందికి తోసి పైకి లేస్తుంది. రెండో వైపు వాలితే గాలిని పైకి తోస్తుంది. అందుకే తలకిందులుగా కూడా నిలబడగలదు. తోక దగ్గరి చిన్న రెక్కలూ అంతే. వీటన్నిటినీ క్షణక్షణం సరిదిద్దడానికి పొట్టలో గైరో అనే చిన్న పెట్టె ఉంటుంది. అలాంటిది ఒకటి కొనుక్కోవాలని తీర్మానించుకున్నాను. ఏది కొనాలో మాత్రం తెలియలేదు.

నా మనసు ఒకదాని మీద పడింది. ఎర్రటి ఒళ్లు, తెల్లటి చారలు, తలుపులు, అద్దాలు, లోపల కూర్చున్న చిన్న పైలట్ బొమ్మ. అచ్చం నిజం హెలికాప్టర్‌ను కడిగి కుదించినట్టు ఉంది. ఆర్డరు పెట్టేముందు, ఫోన్లో ఈ సరదా ఉన్నవాళ్ల గుంపు ఒకటి ఉంటే దాంట్లో దాని ఫోటో పెట్టి, ఇది నాకు సరిపోతుందా అని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. ఒకాయన మాత్రం, “మీది తిరుపతి అంటున్నారు కదా, చిత్తూరులో ఒక డాక్టరమ్మ ఉన్నారు. కొనేముందు ఆమె ఎగరేస్తుంటే ఒక్కసారి చూడండి” అని నంబరు ఇచ్చాడు.

ఫోన్ చేశాను. అవతల గొంతు నిదానంగా, కొంచెం బొంగురుగా ఉంది. నేను ఎర్ర హెలికాప్టర్ గురించి గబగబా చెప్పుకుపోయాను. ఆమె అంతా విని, “బాగుండాది. నువ్వు ఎప్పుడన్నా స్క్రూలు విప్పినావా పాపా?” అని అడిగారు.

“ల్యాబులో మిషన్లు ఆగిపోతే విప్పుతానండీ.”

“అయితే ఆదివారం బస్సెక్కు. టిఫిన్ ఈడే తిందువు.”

నలభై దాటిన నన్ను పాప అని పిలిచిన గొంతు చూడాలని కూడా అనిపించింది. ఆదివారం పొద్దున చంద్రగిరి, పాకాల మీదుగా పోయే బస్సెక్కి చిత్తూరులో దిగాను.

ఆమె అరవై దాటిన మనిషి. పొట్టిగా, లావుపాటి కళ్లద్దాలతో, నెరిసిన జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని, నూలు చీర కుచ్చెళ్లు కొంచెం పైకి దోపుకుని ఉన్నారు. మత్తు డాక్టరు. చిత్తూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆపరేషన్లకు మత్తిస్తూ ఏళ్లు గడిపి, ఈ మధ్యే పని మానుకున్నారట. వాళ్లాయన రిటైరైన ఇంజనీరు. వంటింట్లోంచి గుంత పొంగనాల పళ్లెం పట్టుకొచ్చి, “మొదటిది నేనే కొన్నానమ్మా. కొన్నరోజే కూల్చేసి అటక మీద పడేసినాను. ఈమె దాన్ని దించి, బాగుచేసి, ఎగరేసింది. అప్పటినుంచి నాది పొంగనాల డిపార్టుమెంటు” అన్నారు. డాక్టరమ్మ నవ్వలేదు గాని, ఆయన పళ్లెంలోంచి ఒకటి తీసి ముందు ఆయన చేతిలోనే పెట్టారు.

మేడ మీద గదిలో బల్ల మీద మూడు హెలికాప్టర్లు వరసగా ఉన్నాయి. ఒకటి జానెడు. ఒకటి మూరకు కొంచెం ఎక్కువ. మూడోది బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుని ఉంది. దాని రెక్క ఒక్కటే నా చేయంత పొడవు. మూడింటికీ రంగుల ఒళ్లు లేదు. నల్లటి చట్రం, పుల్లల్లాంటి కడ్డీలు, పళ్ల చక్రాలు, తీగలు, ముందు ముక్కు మీద మాత్రం పసుప్పచ్చ మూత. నా ఎర్ర సుందరి ముందు ఇవి అస్థిపంజరాల్లా కనిపించాయి. ఆ సంగతి నా మొహంలో తెలిసిపోయినట్టుంది.

“ఒళ్లు బాగుంటాది, నిజమే. కానీ మొదటిది గదా. అది కూలతాది. కూలితే యాడ ఇరిగిందో సూడాలంటే ఆ ఒళ్లంతా ఒలిచెయ్యాల. మొదట ఎముకలు నేర్చుకో. చర్మం తర్వాత కప్పుకుందువు” అన్నారు.

తర్వాత మూడింటి గుణాలూ చెప్పారు. ఆమె చెప్పే తీరు నాకు ఇప్పటికీ ఇష్టం. ఏదీ కొనమనలేదు, ఏదీ వద్దనలేదు. రోగి ఎదుట ఉన్న దారులన్నీ పరిచి, ఏ దారిలో ఏముందో చెప్పి, నిర్ణయం రోగికే వదిలిపెట్టే డాక్టరు లాగే మాట్లాడారు. జానెడుది తేలిక, కిందపడినా పెద్దగా ఏమీ కాదు, కానీ గాలి కొంచెం విసిరితే కాగితం లాగా కొట్టుకుపోతుంది, చిన్న పిట్టలాగా గిలగిలలాడుతుంది, చేతికి నిలకడ రాదు. పెద్దది గాలికి చలించదు, దూరాన ఉన్నా కంటికి ఆనుతుంది, నిజానికి ఎగరేయడం సులువు. కానీ దాని రెక్క మనిషికి తగిలితే బొమ్మ అనే మాటకు అర్థం ఉండదు. నడిమిది మధ్యస్థం, కొంచెం చురుకు, కొంచెం నిలకడ. విరిగిన ముక్క ఎక్కడైనా దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దగ్గరలో అదే రకం ఎగరేసే మనిషి ఉంటే సగం భయం పోతుంది.

“నువ్వు ఏది కొన్నా నా దగ్గరికి రావచ్చు. దానికీ దీనికీ ముడి పెట్టుకోవద్దు” అని కూడా అన్నారు.

ఆ తర్వాత నడిమి హెలికాప్టర్ తలను, అంటే రెక్కలు తగిలించి తిప్పే భాగాన్ని, నా ముందు పెట్టి విప్పమన్నారు. రెక్కలు బిగించిన కమ్మీలు, బంతుల్లాంటి గుండ్రటి కీళ్లు, వెంట్రుక మందం వాషర్లు. ఒక్కోటీ విప్పి గుడ్డ మీద వరసగా పేర్చాను. మళ్లీ బిగించాను. ఆమె పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూశారు. అయిపోయాక తలను తీసుకుని వేలితో తిప్పి, వెలుతురులో పెట్టి చూశారు.

“చెయ్యి బాగుండాది. ఇంగ కన్ను సూడాల” అన్నారు.

కన్ను అంటే సిమ్యులేటర్. కంప్యూటర్ తెర మీద ఆకాశం, మైదానం, బొమ్మ హెలికాప్టర్. రిమోట్ మాత్రం నిజమైనదే. తోక మన వైపు ఉన్నంతసేపు అంతా బాగుంటుంది. మనం కుడికి అంటే అది కుడికి పోతుంది. ముక్కు మన వైపు తిరిగిన మరుక్షణం లోకం తల్లకిందులవుతుంది. మన కుడి దానికి ఎడమ. సరిదిద్దబోయి ఇంకా చెడగొడతాం. నేను అలా చెడగొట్టి, ఆ పూట తెర మీది మైదానమంతా హెలికాప్టర్ల శకలాలతో నింపాను. ఆమె అదే రిమోట్ తీసుకుని, ముక్కు తన వైపు పెట్టుకుని, ఒక్కచోట నిలబెట్టి, నాతో కాఫీ గురించి మాట్లాడుతూ అలాగే ఉంచేశారు. తెర వంక చూస్తున్నట్టు కూడా లేదు.

“ఇంటికి పోయి దీన్ని రోజూ చెయ్యి. ముక్కు నీ తట్టు పెట్టుకుని నిలబెట్టడం వచ్చినాక ఫోన్ చెయ్యి. అంతదాకా ఏదీ కొనబాక” అని, ఆ సిమ్యులేటర్‌నూ ఒక పాత రిమోట్‌నూ నాకిచ్చి పంపారు.

నెలలు పట్టింది. పొద్దున ల్యాబుకు పోయేముందు, సాయంత్రం వచ్చాక, అదే పని. ఒకరోజు మా ఆయన వెనక నిలబడి చూసి, “ఏం మే, అది కదల్లేదే? చెడిపాయనా?” అన్నాడు. ముక్కు నా వైపు ఉంది. కదలడం లేదు. ఆ మాట నాకు బిరుదు ఇచ్చినట్టయింది. వెంటనే చిత్తూరుకు ఫోన్ చేశాను.

“ఆదివారం నేలకు పోదాం రా” అన్నారు డాక్టరమ్మ.

తిరుపతి చుట్టుపక్కల వీటిని ఎగరేయడానికి లేదు. ఒకపక్క రేణిగుంట విమానాశ్రయం, ఒకపక్క తిరుమల కొండ. రెండు చోట్లా ఆకాశానికి కాపలా ఉంది, ఉండాల్సిందే. డాక్టరమ్మ ఎగరేసే నేల చిత్తూరు దాటి మామిడి తోటల అవతల ఉండేది. ఎవరో ప్లాట్లుగా విడగొట్టి, హద్దురాళ్లు నాటి, అమ్ముడుపోక వదిలేసిన లేఅవుట్. ఒక మూల తాళం వేసిన ఆఫీసు గది, దానికి చిన్న వరండా. ఆ స్థలం యజమాని తల్లికి ఎప్పుడో ఆమె మత్తిచ్చారట. “నీ ఇష్టమమ్మా, ఎప్పుడన్నా ఎగరేసుకో” అన్నాడట ఆయన.

ఆ రోజు పెద్ద హెలికాప్టర్ తెచ్చారు. దాన్ని ఎగరేసే ముందు ఆమె చేసే పనులు చూడడమే ఒక అనుభవం. ప్రతి రెక్కనూ పట్టి ఊపి చూస్తారు. ప్రతి కీలునూ గోటితో తడతారు. మోటారుకు ఒక బ్యాటరీ. గైరోకు, రెక్కల వాలు మార్చే చిన్న మోటార్లకు వేరే ఇంకో చిన్న బ్యాటరీ. “గుండె ఆగినా మెదడు పనిచెయ్యాల గదా” అన్నారు. నన్ను తన వెనక నిలబెట్టి, “నేను కదిలితే కదులు, నేను నిలిస్తే నిలువు” అన్నారు.

రెక్కలు తిరగడం మొదలైంది. ముందు ఈల, తర్వాత గాలిని కోసే బరువైన చప్పుడు. నా చీర కొంగు లేచింది. హెలికాప్టర్ నేలను వదిలి, ఎవరో చేత్తో ఎత్తి పెట్టినట్టు, మా కంటి ఎత్తున నిలబడింది. అక్కడినుంచి ఆమె దాంతో గాల్లో రాయించారు. ఇంకో మాట నాకు దొరకడం లేదు. పొడవైన వంపులు, వెల్లకిలా తిరిగి వెనక్కి నడవడం, ఆగి, తోకను గిరగిరా తిప్పి, అదే చోట ముక్కు మా వైపు పెట్టి నిలవడం. వీడియోలో చూసినప్పుడు అది గారడీలా కనిపించింది. ఆ పొట్టి మనిషి వెనక నిలబడి చూస్తే, ఆమె చేతివేళ్లు దాదాపు కదలడమే లేదు. రిమోట్ స్టిక్కుల మీద ఆకులు ఊగినంత కదలిక. మిగతాదంతా పైన జరుగుతోంది.

అప్పుడు చప్పుడు ఆగిపోయింది.

రెక్కల చప్పుడు కాదు, మోటారు చప్పుడు. చెట్టంత ఎత్తుకు పైన ఉంది హెలికాప్టర్. కిందుగా, మామిడి తోపులోంచి అప్పుడే బయటికి వచ్చి హద్దురాళ్ల మధ్య నడుస్తున్న మేకల మంద ఒకటి. వెనక తలమీద కండువా చుట్టుకున్న ఒక ఆడమనిషి. డాక్టరమ్మ వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. ఆ వీపు బిగుసుకోలేదు.

హెలికాప్టర్ రాయిలా పడుతోందనిపించింది. నిజానికి ఆమే దాన్ని పడనిచ్చారు. అది పడుతుంటే కిందినుంచి ఎగదన్నే గాలికి రెక్కలు గింగిరాలు తిరుగుతూనే ఉన్నాయి. పడుతూ పడుతూనే అది మేకల మీదినుంచి ఏటవాలుగా జారి, వాటిని దాటి, ఖాళీ నేల మీదికి వచ్చింది. నేల తగలబోయే ముందు ముక్కు కొంచెం ఎత్తింది, వేగం చచ్చింది. అప్పుడు రెక్కల్లో మిగిలిన ఆ కాస్త తిరుగుడునూ ఒక్కసారిగా వాడేసి, ఎండుగడ్డి మీద మెత్తగా కూర్చుంది. ఒక్క మేక కూడా తల తిప్పలేదు.

మేకలామె మా దగ్గరికి వచ్చి, “ఏమ్మా, అది సచ్చిపాయనా? సప్పుడు నిలిచిపాయ గదా” అని అడిగింది.

“లేదుమే, అలిసిపాయ” అన్నారు డాక్టరమ్మ.

ఆమె అప్పుడు మాత్రం రిమోట్ కింద పెట్టి, చేతులు చీరకు తుడుచుకున్నారు. అరచేతులు తడిగా ఉన్నాయి. హెలికాప్టర్ దగ్గరికి పోయి చూస్తే, మోటారుకు పోయే తీగ అతుకు ఒకటి ఊడి ఉంది.

“మోటారు ఆగినాక పైకి పోవాలని సూడకూడదు. అందరికీ అదే తోస్తాది, పైకి లాగాలని. లాగితే రెక్కల తిరుగుడు పోతాది, అప్పుడు నిజంగానే రాయి. భయమైనా సరే కిందికే తొయ్యాల. కొంచెం పోగొట్టుకుంటేనే కొంచెం మిగుల్తాది” అన్నారు, ఊడిన తీగను వేలికి చుట్టుకుంటూ.

“మీకు భయం వేయలేదా?”

“ఎందుకెయ్యదు? పేషెంటుకు ఊపిరి తగ్గినప్పుడు కూడా ఏస్తాది. చేతులకు మాత్రం చెప్పను.”

తిరుగు బస్సులో నేను ఎర్ర హెలికాప్టర్ ఫోటోను ఫోన్లోంచి తీసేశాను. బాధ వేయలేదు. ఆ చూసినదాని తర్వాత నాకు అద్దాలూ పైలట్ బొమ్మా కాదు, ఆ రెక్కల వాలు కావాలి. పెద్దది కొనాలని ఒక్క క్షణం ఆశ పుట్టింది. అంతలోనే ఆ మేకల మంద గుర్తొచ్చింది. ఆమె చేతిలో ఉంది కాబట్టి మేకలు తల తిప్పలేదు. నా చేతిలో ఉండి ఉంటే? నడిమిదే తీసుకున్నాను. అది కూడా బిగించి వచ్చేది కాదు, ముక్కలు ముక్కలుగా పెట్టెలో వచ్చేది. ఎముకలు నేర్చుకోవాలన్నారు కదా.

పెట్టె వచ్చింది. మా ఆయన భోజనాల బల్ల నాకు వదిలేసి, కొన్ని వారాలు పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిన్నాడు. ఆదివారాలు చిత్తూరు పోయి, బిగించినంత మేరకు చూపించి వచ్చేదాన్ని. ఒకసారి తల కింది గుండ్రటి పళ్లెం ఒక్క పిసరు ఒరిగి ఉంటే, ఆమె కొలత పెట్టకుండానే, “ఇది తల వాల్చి నిద్రపోతా ఉండాది, లేపు” అన్నారు. కొలిచి చూస్తే నిజమే.

మొదటిసారి అది నేలను వదిలిన క్షణం నాకు బాగా గుర్తుంది. డాక్టరమ్మ నా వెనక నిలబడ్డారు. మోకాలి ఎత్తున నిలబెట్టాను. అంతే, ఇంకేమీ చేయలేదు. తోక నా వైపే. దించాక ఆమె, “బాగుండాది. ఇంగోసారి” అన్నారు. ఇంకోసారి ఎత్తాను. ఇంకోసారి. కొన్ని వారాలకు ముక్కు నా వైపు తిప్పాను, నిలబడింది. ఆ సంబరంలో గాలి వాటం చూసుకోలేదు. నడుము ఎత్తునుంచి హద్దురాయి మీద పడి రెండు రెక్కలూ విరిగాయి, తోక కడ్డీ వంగింది. నేను తల పట్టుకుని కూర్చుంటే ఆమె పక్కన గొంతుక్కూర్చుని, “రావాల్సింది వచ్చేసింది. ఇంగ నువ్వు దీనికి భయపడే పని లేదు” అన్నారు. వాళ్ల మేడ మీద బల్ల దగ్గర కూర్చుని ఆ సాయంత్రమే బాగుచేశాం. వాళ్లాయన మూడు విడతలు పొంగనాలు వేశారు.

ఆ ఏడాది వానాకాలంలో డాక్టరమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. ముందు ఒక కన్ను. రెండో కన్నులో మసక అలాగే ఉంది. కొన్నాళ్లు ఎగరేయవద్దనీ, దుమ్ములోకి పోవద్దనీ కంటి డాక్టరు చెప్పారు. ఆమె బుద్ధిగా విన్నారు. కానీ రెండో ఆదివారానికి ఫోన్ చేశారు.

“పాపా, సప్పుడన్నా విని శానా దినాలాయ. నీది తీసుకొని నేలకు పోదాం రా.”

“మీరు దుమ్ములోకి రాకూడదు కదా డాక్టరమ్మా.”

“నిన్న వాన పడి దుమ్మంతా అణిగింది. వరండాలోనే కూర్చుంటాను. కళ్లు మూసుకొని ఉంటాను, సరేనా?”

వాళ్లాయన కారులో తీసుకొచ్చి, లేఅవుట్ ఆఫీసు వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పక్కల నుంచి కూడా మూసుకునే నల్ల కళ్లద్దాలు, వాటి మీదుగా కట్టిన స్కార్ఫు. చేతులు ఒళ్లో. నేను ముందుకు నడిచి, కనపడే దూరంలో నిలబడి, ఎత్తాను. ఆ రోజుదాకా నేను నిలబెట్టడం తప్ప పెద్దగా తిప్పింది లేదు. వెనక నిలబడి చూసే ఆమె కళ్లు ఈసారి లేవన్న గుబులు ఉంది.

వరండాలోంచి గొంతు వినిపించింది. “మోటారు ఏడస్తా ఉండాది. ఎక్కువ తోస్తా ఉండావు. తగ్గించు.”

తగ్గించాను. చప్పుడు మెత్తబడింది.

“ఆ. ఇప్పుడు పాడతా ఉండాది. ముందుకు పోనీ.”

పోనిచ్చాను. మామిడి తోపు వైపు సాగింది. “దూరం పోతా ఉండాది. ఇప్పుడు ఎడమకు తిప్పు. నిదానంగా. తోకను నమ్ము.” తిప్పాను. అది వంగి, ఒరిగి, వాన కడిగిన ఆకాశం మీద ఒక వంపు తిరిగి, నా ముందునుంచే అడ్డంగా సాగిపోయింది. నేను చూస్తున్నాను, ఆమె వింటున్నారు. ఇద్దరికీ అది ఒకే చోట ఉంది. నా తల మీదికి వస్తుందేమోనని నేను అనుకునే లోపలే, “నీ తట్టు వస్తా ఉండాది, అవతలికి నెట్టు” అన్నారు. మొట్టమొదటి పూర్తి చుట్టు అలా తిరిగింది నా హెలికాప్టర్. రెండో చుట్టు తిరిగాక ఆమె సలహాలు ఆపేశారు. మూడో చుట్టులో ఒకసారి ఓరకంట చూస్తే, ఆమె తల కొంచెం పక్కకు వాల్చి, సంగీతం వినే వాళ్లలా కూర్చుని ఉన్నారు. వాళ్లాయన కుర్చీ వెనక నిలబడి, నా హెలికాప్టర్‌ను కాదు, ఆమెనే చూస్తున్నారు.

దించి, రెక్కలు ఆగాక, వరండా దగ్గరికి వెళ్లాను. ఏమంటారో అని నిలబడ్డాను.

“తోకలో ఒక బేరింగు పాతబడింది. మార్చుకో” అన్నారు. తర్వాత నా చెయ్యి వెతికి పట్టుకుని, కాసేపు వదల్లేదు.

ఇంటికి వెళ్లి తోక విప్పి చూశాను. బేరింగు వేలితో తిప్పితే ఇసుక నలిగినట్టు కరకరమంది.

రెండో కంటికి కూడా ఆపరేషన్ అయి, మందులు వేసే రోజులు అయిపోయి, డాక్టరు సరేననేసరికి చలి మొదలైంది. ఆ ఆదివారం పొద్దున ఆమె పెద్ద హెలికాప్టర్ తెచ్చారు. రెక్కలు ఊపి చూశారు, కీళ్లు తట్టి చూశారు. కళ్లద్దాలు లేకుండా ఆమె మొహం ఎవరిదో కొత్త మొహంలా ఉంది. ఎత్తి, కంటి ఎత్తున నిలిపి, చాలాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయారు.

“ఇన్నేండ్లు ఈ మూత పసుపని అనుకుంటా ఉన్నాను. పసుపు కాదు పాపా, నిమ్మకాయ రంగు” అన్నారు.

అని, దాన్ని అమాంతం పైకి లేపి, వెల్లకిలా తిప్పి, తలకిందులుగానే నేల మీదికి దించుకుంటూ వచ్చారు. గడ్డి మొనలు రెక్కల గాలికి వంగి విడిపోయాయి. హద్దురాళ్ల వరస పొడవునా, ఒక్కో రాయి పక్కగా, కాళ్లు ఆకాశానికి పెట్టి ఆ యంత్రం నిదానంగా నడిచిపోయింది. చివరి రాయి దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఆమె పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. నేను నా పెట్టె తెరవనే లేదు ఆ పూట. బ్యాటరీ అయిపోయేదాకా ఆమె ఎగరేస్తూనే ఉన్నారు, నేను చూస్తూనే ఉన్నాను.